ఇంక్‌జెట్ ఫోటో ప్రింట్లు: కోనసీమ తడిగాలిలో తరచుగా అడిగే ప్రశ్నలు

అమలాపురంలో మా ఇంటి ముందుగదిలో ప్రింటర్లు పెట్టుకుని స్టూడియోల వాళ్ళకీ, ఇళ్ళ వాళ్ళకీ ఫోటోలు వేసి ఇస్తుంటాను. ఫోనెత్తితే అవే సందేహాలు. రావులపాలెం నుంచి పొద్దున అడిగినదే రాజోలు నుంచి సాయంత్రం అడుగుతారు. చెప్పిందే చెప్పి గొంతు పోతోంది కాబట్టి ఇలా రాసి పెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు, మొదటినుంచీ చదవక్కర్లేదు.

ఒక సంగతి మాత్రం గుర్తుంచుకోండి. వీడియోల్లో చెప్పే చిట్కాలు చాలావరకు పొడిగాలి ఊళ్ళవి. మనకి రెండు పక్కలా గోదావరి పాయలు, మూడో పక్క సముద్రం. ఇక్కడ ప్రింట్ పాడైందంటే సగంసార్లు తప్పు ప్రింటర్‌ది కాదు, గాలిది.

## ఫైలు పంపే ముందు

వాట్సాప్‌లో వచ్చిన ఫోటో పన్నెండు పద్దెనిమిది వేసిస్తారా?

వేయొచ్చు గానీ బాగోదు. మామూలుగా పంపితే వాట్సాప్ ఫోటో పొడుగు వైపుని సుమారు 1600 పిక్సెళ్ళకి కుదించేస్తుంది. దాన్ని 18 అంగుళాలకి సాగదీస్తే అంగుళానికి 90 పిక్సెళ్ళు కూడా ఉండవు. పైగా కుదింపులో చీర నేత, జుట్టు పోగులు, చర్మం మీది సన్నటి గీతలు పోయి వాటి చోట చదరపు మచ్చలు చేరతాయి. ఫోటో పెద్దదైతే మచ్చలూ పెద్దవవుతాయి. 4×6 వరకూ ఫర్వాలేదు. అంతకు మించి కావాలంటే తీసినవాళ్ళనే అడిగి, డాక్యుమెంట్‌గా పంపమనండి. అప్పుడు ఉన్నది ఉన్నట్టు వస్తుంది. హెచ్‌డీ గుర్తు నొక్కి పంపితే కొంత నయమే కానీ అప్పుడూ ఫైలు నలుగుతుంది.

నా ఫోటో ఎంత సైజు వరకూ తట్టుకుంటుంది?

పిక్సెళ్ళని అంగుళాలతో భాగించండి. చేతిలో పట్టుకుని చూసే ఫోటోకి అంగుళానికి 300 వస్తే హాయి, 200 వచ్చినా చాలామంది తేడా పట్టలేరు. గోడకి తగిలించి మూడడుగుల దూరం నుంచి చూసేదానికి 120, 150 ఉన్నా నడుస్తుంది. 24 మెగాపిక్సెళ్ళ కెమెరా ఫైలు 6000×4000 ఉంటుంది, అంటే 300 లెక్కన 20×13 అంగుళాలు. ఫోన్‌లో వచ్చే 12 మెగాపిక్సెళ్ళ ఫోటో 4000×3000, అదే లెక్కన 13×10. డబ్బా మీద 50 మెగాపిక్సెల్ అని ఉన్న ఫోన్లు కూడా మామూలు మోడ్‌లో ఎక్కువగా 12 మెగాపిక్సెళ్ళ ఫోటోనే ఇస్తాయి.

ఇదంతా ఫోటో కదలకుండా, ఫోకస్ కుదిరి ఉంటేనే. అదిరిన ఫోటోకి ఎన్ని పిక్సెళ్ళున్నా ఒకటే.

72 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలో చెప్పే అంకె) ఉన్న ఫైలుని 300కి మార్చాను. ఇప్పుడు బాగా వస్తుందా?

రాదు. బస్తా మీద 25 కిలోలు చెరిపి 50 అని రాస్తే లోపల బియ్యం పెరగవు. ఆ అంకె ఫైలుకి కట్టిన చీటీ, అంతే. మొత్తం పిక్సెళ్ళు ఎన్నో చూడండి.

మా నాన్నగారు పోయారండి. ఆయన ఫోటో ఒక్కటే ఉంది, అదీ ఎవరిదో పెళ్ళి గ్రూప్‌లో. పెద్దది చేయగలరా?

నెలకి నలుగురైనా అడిగే ప్రశ్న ఇది. ముందుగా పాత ప్రింట్ ఎక్కడైనా దొరుకుతుందేమో వెతకండి. దొరికితే ఫ్రేమ్ లోంచి జాగ్రత్తగా తీసి (అద్దానికి అంటుకుని ఉంటే తీయకండి, అలాగే తీసుకురండి) 600 లేదా 1200 డీపీఐలో స్కాన్ చేయిస్తే ఫోన్‌తో తీసిన కాపీ కంటే ఎన్నో రెట్లు నయం.

ఏఐతో పెద్దవి చేసే యాప్‌లు వచ్చాయి. ముఖం తళతళలాడుతుంది, కానీ లేని వివరాన్ని అది ఊహించి వేస్తుంది. ఒకసారి అలాగే చేసి ఇచ్చాను. ఆ పెద్దావిడ కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశారు. "బాగానే ఉన్నారు నాయనా, కానీ మా ఆయన కాదు" అన్నారు. ఆ కళ్ళు ఎవరివో మరి. అప్పటినుంచి ముఖం వేలిగోరంత ఉన్న ఫోటోని పెద్దది చేయమంటే ఒప్పుకోవడం లేదు. చిన్నగా, 4×6లోనో 5×7లోనో వేసి చుట్టూ వెడల్పుగా తెల్ల అట్ట పెట్టి 12×15 ఫ్రేమ్ కట్టిస్తే గోడ మీద నిండుగానే ఉంటుంది, ముఖం ఆయనదే ఉంటుంది.

ఫోన్ ఫోటో 8×12 వేయిస్తే తలలో కాళ్ళో తెగిపోతున్నాయి, ఎందుకని?

ఫోన్ ఫోటో 4:3 ఆకారం, 8×12 కాగితం 3:2 ఆకారం. 12 అంగుళాల పొడవుకి ఫోన్ ఫోటో 9 అంగుళాల వెడల్పు వస్తుంది, కాగితం 8 మాత్రమే ఉంది. ఒక అంగుళం ఎక్కడో ఒకచోట పోవాలి. ఎక్కడ కోయాలో మీరే కోసి పంపండి, లేదా పక్కన తెల్ల అంచు వదలమనండి. గ్రూప్ ఫోటో తీసేటప్పుడే చుట్టూ కాస్త జాగా వదిలితే ఈ గొడవే ఉండదు.

జేపీజీ పంపాలా, టిఫ్ పంపాలా?

ఎక్కువ క్వాలిటీలో ఒకేసారి సేవ్ చేసిన జేపీజీ చాలు. తెరిచి, మార్చి, మళ్ళీ మళ్ళీ సేవ్ చేసినది వద్దు. బాగా దిద్దిన ఆకాశం, పొగమంచు ఉన్న ఫోటోలు మాత్రం 16 బిట్ టిఫ్ ఇస్తే చారలు రావు. పాపికొండల పొద్దుటి మంచు ఫోటోలకి ఇది బాగా తెలుస్తుంది.

## రంగుల గొడవ

స్క్రీన్ మీద వెలిగిపోతున్న ఫోటో ప్రింట్‌లో చీకటిగా వచ్చింది. మీ మెషిన్‌లో ఇంకు ఎక్కువైందా?

కాదండి, మీ స్క్రీన్ వెలుగు ఎక్కువైంది. నన్ను అందరికంటే ఎక్కువ తిట్టించిన ప్రశ్న ఇదే. స్క్రీన్ తన వెలుగు తనే ఇస్తుంది, కాగితం గదిలో ఉన్న వెలుగుని తిప్పి పంపుతుంది. కొత్త మానిటర్లు 250, 300 కాండెలా (స్క్రీన్ వెలుగు కొలత) వెలుగుతో వస్తాయి. ప్రింట్ కోసం ఫోటో దిద్దేవాళ్ళు దాన్ని 80 నుంచి 120 మధ్యకి దించుకుంటారు. అంత ఎక్కువ వెలుగులో ఫోటో దిద్దితే మనకి తెలియకుండానే ఫోటోని చీకటి చేసేస్తాం.

కొలిచే పరికరం లేకపోతే ఒక మోటు పద్ధతి ఉంది. ఖాళీ తెల్ల పేజీ స్క్రీన్ మీద తెరిచి, పక్కన తెల్ల ఫోటో కాగితం పట్టుకోండి. గదిలో మామూలు లైటు ఉండాలి. స్క్రీన్ తెలుపు, కాగితం తెలుపు ఒకేలా కనబడేదాకా మానిటర్ వెలుగు తగ్గించండి. మొదటిరోజు స్క్రీన్ చచ్చిపోయినట్టు అనిపిస్తుంది. రెండు రోజుల్లో కన్ను అలవాటు పడుతుంది, ప్రింట్ల మీద కోపమూ తగ్గుతుంది.

వరిచేను పచ్చదనం ప్రింట్‌లో ఎందుకు చచ్చిపోతోంది?

సంక్రాంతి తర్వాత దాళ్వా నాట్లు వేసి కొన్ని వారాలయ్యాక, పొద్దున్న ఎండ అడ్డంగా పడితే చేను ఒక లేత పసుపుపచ్చగా మెరుస్తుంది చూడండి, ఆ రంగు ఇంకుకి అందదు. ఆకులోంచి వెలుగు దూరి వస్తున్న రంగది. మామూలు ప్రింటర్ల దగ్గర పచ్చ ఇంకు ఉండదు, నీలి సియాన్ మీద పసుపు వేసి పచ్చ పుట్టించాలి. రెండు ఇంకులు కలిసేసరికి కాగితం తెలుపు కొంత కప్పబడిపోతుంది, వెలుగు తగ్గుతుంది. ముదురు పచ్చలు, కొబ్బరాకు పచ్చ బాగానే వస్తాయి. లేత, వెలిగే పచ్చలే మొండికేస్తాయి.

చేయగలిగింది ఏమిటంటే, ఫోటోషాప్‌లోనో లైట్‌రూమ్‌లోనో సాఫ్ట్ ప్రూఫ్ (ప్రింట్ ఎలా వస్తుందో స్క్రీన్ మీదే చూపించేది) ఆన్ చేసి, కాగితం ప్రొఫైల్ (ఆ కాగితం మీద ఏ రంగు ఎలా వస్తుందో చెప్పే పట్టిక) ఎంచుకుని, రంగు దాటిపోయిన చోట్లు చూపించే హెచ్చరిక పెట్టండి. చేనంతా బూడిదరంగు మచ్చ అయిపోతే సాచురేషన్ (రంగు చిక్కదనం) పెంచకండి, పెంచితే గడ్డిపోచల మధ్య తేడా కూడా పోయి పచ్చ రంగు పూసిన గోడలా వస్తుంది. పచ్చల సాచురేషన్ కొద్దిగా తగ్గించి, చుట్టుపక్కల గట్టు, కాలవ నీడ కొంచెం చీకటి చేయండి. పక్కన చీకటి ఉంటే కన్ను ఉన్న పచ్చనే ఎక్కువ పచ్చగా చదువుకుంటుంది.

కడియం నర్సరీల వాళ్ళు శంఖుపువ్వు నీలం ఊదాగా వస్తోందని అడుగుతుంటారు, అదీ ఇదే జబ్బు. నీలాన్ని కొంచెం సియాన్ వైపు జరిపి ఒక చిన్న ముక్క వేసి చూడాలి.

ఎస్ఆర్‌జీబీలో ఇవ్వాలా, అడోబ్ ఆర్‌జీబీలోనా?

ఫైలులో ఏ అంకె ఏ రంగో చెప్పే లెక్కలివి రెండూ. మానిటర్ మామూలుదైతే, ఫోటో ఎక్కడెక్కడికో వెళ్తుందనుకుంటే ఎస్ఆర్‌జీబీ. 1996లో మామూలు స్క్రీన్ల కోసం తయారైన లెక్క అది. 1998 నాటి అడోబ్ ఆర్‌జీబీలో పచ్చలు, సియాన్లు ఎక్కువ పడతాయి, మంచి ఇంక్‌జెట్ వాటిలో కొన్నిటిని వేయగలదు కూడా. కానీ ప్రొఫైల్ ఫైలులో అతికించకుండా పంపితే అవతలివాళ్ళ దగ్గర ముఖాలు పాలిపోయి వస్తాయి. ఏదిచ్చినా ప్రొఫైల్ అతికించి ఇవ్వండి.

ఐసీసీ ప్రొఫైల్ వేశాక ముఖాలన్నీ గులాబీగా వచ్చాయి. ప్రొఫైల్ తప్పా?

ప్రొఫైల్ రెండుసార్లు పడి ఉంటుంది. ఈ ప్రింటర్, ఈ ఇంకు, ఈ కాగితం కలిస్తే ఏ రంగు ఎలా వస్తుందో చెప్పే పట్టికే ప్రొఫైల్. ఆ పట్టికని ఎవరో ఒకరే వాడాలి. ఫోటోషాప్ రంగులు చూసుకుంటుందని పెడితే ప్రింటర్ డ్రైవర్‌లో కలర్ మేనేజ్‌మెంట్ ఆపేయాలి. ఇద్దరూ దిద్దితే కూరలో అత్తగారు ఒకసారి, కోడలు ఒకసారి ఉప్పు వేసినట్టే.

నేనూ చేశాను. కొత్తలో ఒక పెళ్ళి ఆల్బమ్, 40 షీట్లు, రాత్రికి రాత్రి వేసేశాను. డ్రైవర్ అప్‌డేట్ అయ్యి ఆ సెట్టింగ్ తిరిగి మొదటికి వచ్చిన సంగతి చూసుకోలేదు. పొద్దున్న చూస్తే పురోహితుడి దగ్గర్నుంచి పెళ్ళికూతురి దాకా అందరూ సిగ్గుపడుతున్నట్టు ఉన్నారు. కాగితం, ఇంకు నా జేబులోంచే పోయాయి. ఇప్పుడు డ్రైవర్ తెరిచినప్పుడల్లా ఆ పేజీ కళ్ళతో చూసి గానీ ప్రింట్ నొక్కను.

ఎర్ర పట్టుచీరలో మడతలు కనబడటం లేదు, ఎర్ర ముద్దలా వచ్చింది.

ఫోటోలోనే ఎరుపు చానెల్ నిండిపోయింది. హిస్టోగ్రాం (ఫోటోలో వెలుగు పంపకం చూపించే బొమ్మ) మొత్తంగా చూస్తే బాగానే ఉంటుంది, ఎరుపు ఒక్కటీ విడిగా చూస్తే కుడి గోడకి గుద్దుకుని ఉంటుంది. కుంకుమ, బంతిపూలు, పెళ్ళి మండపం ఎర్రలైటు ఉన్నచోట ఎక్స్‌పోజర్ అరస్టాప్ తగ్గించి రా ఫైల్ (కెమెరా దిద్దకుండా ఇచ్చే ముడి ఫైలు) తీయండి. తీసేసిన ఫోటో అయితే ఎరుపు సాచురేషన్ తగ్గించి చూడాలి. రా ఉంటే మడతలు కొన్ని తిరిగొస్తాయి.

పర్సెప్చువలా, రెలెటివ్ కలరిమెట్రికా?

ప్రింటర్‌కి అందని రంగుల్ని ఎలా సర్దాలో చెప్పే రెండు పద్ధతులివి. ముఖాలకి రెలెటివ్, దాంతోపాటు బ్లాక్ పాయింట్ కాంపెన్సేషన్ (ఫోటోలోని నలుపుని కాగితం ఇవ్వగల నలుపుకి సర్దేది) టిక్కు. రంగులు విరజిమ్మే ఫోటోకి, ఉదాహరణకి జగ్గన్నతోట ప్రభల తీర్థంలో కొత్త చీరలు చుట్టిన ప్రభల ఫోటోకి, పర్సెప్చువల్ కూడా చూడండి. ఏది నచ్చితే అది.

## ప్రింటరు, ఇంకు

కొత్తగా మొదలుపెడుతున్నాను, ఏ ప్రింటర్ కొనాలి?

నాలుగు రంగుల ఆఫీసు ప్రింటర్‌తో ఫోటోలు వస్తాయి గానీ లేత చర్మఛాయల్లో చుక్కలు తెలుస్తాయి. ఆరు రంగులున్న దాంట్లో లేత సియాన్, లేత మెజెంటా కూడా ఉంటాయి కాబట్టి బుగ్గ మీద నీడ నున్నగా జారుతుంది. ట్యాంకు ప్రింటర్లలో ఎప్సన్ ఎల్8050 ఏ4కి, ఎల్18050 ఏ3 ప్లస్‌కి ఇలాంటివే, రెండూ డై ఇంకు (డై, పిగ్మెంట్ తేడా కింది ప్రశ్నలో ఉంది). స్టూడియో పనికి అవి చాలు, ఖర్చు కూడా తక్కువ. ఎగ్జిబిషన్‌కి, అమ్మకానికి వేసేవాళ్ళు పిగ్మెంట్ ప్రింటర్ చూడాలి: కానన్ ప్రో-300, ఎప్సన్ పీ900 లాంటివి. వాటిలో కార్ట్రిడ్జ్‌లు పది ఉంటాయి, పది కొనాలన్న సంగతి మరవకండి.

వారానికి ఒక్క ప్రింట్ కూడా వేయనివాళ్ళు అసలు ప్రింటర్ కొనకండి. వేయించుకోవడమే చవక.

డై ఇంకుకీ పిగ్మెంట్ ఇంకుకీ తేడా ఏమిటి?

డై నీళ్ళలో పంచదారలా కరిగి కాగితం పూతలోకి ఇంకుతుంది. పిగ్మెంట్ సున్నంనీళ్ళలో పొడిలా తేలుతూ వచ్చి పూత మీద నిలుస్తుంది. డై గ్లాసీ మీద మెరుస్తుంది, రంగు నిగనిగలాడుతుంది, కానీ వెలుగుకీ గాలిలోని ఓజోన్‌కీ తొందరగా లొంగుతుంది, తడి తగిలితే పాకుతుంది. పిగ్మెంట్ మన్నుతుంది, తడికి తట్టుకుంటుంది. గ్లాసీ కాగితం మీద మాత్రం పక్కకి వంచి చూస్తే నీడలు కంచురంగులో మెరవొచ్చు. లస్టర్, మ్యాట్ మీద ఆ బాధ తక్కువ.

బయట దొరికే కంపాటిబుల్ ఇంకు పోయొచ్చా?

స్కూలు ప్రాజెక్టులకి పోసుకోండి. ఫోటోలకి మాత్రం రెండు చిక్కులు. ఇంకు మారితే కంపెనీ ఇచ్చిన ప్రొఫైల్ పనికిరాదు, కొత్తది చేయించాలి. రెండోది మన్నిక: ఆల్బమ్‌లో ఒక పేజీ ఒక ఇంకు, ఇంకో పేజీ ఇంకో ఇంకు అయితే మూడేళ్ళకి రెండూ రెండు రంగుల్లోకి దిగుతాయి. డై కోసం చేసిన ప్రింటర్‌లో పిగ్మెంట్ పోయమని సలహా ఇచ్చేవాళ్ళుంటారు, వినకండి.

మూఢం నెలల్లో పెళ్ళిళ్ళు లేక ప్రింటర్ ఆపేశాను. ఇప్పుడు అన్నీ గీతలు. ఏం చేయాలి?

ముందు నాజిల్ (ఇంకు చిమ్మే సన్నటి రంధ్రం) చెక్ పేజీ వేయండి. మెట్లు మెట్లుగా గీతల బొమ్మ వస్తుంది, ఎక్కడ మెట్టు విరిగితే ఆ రంగు నాజిల్ మూసుకుందన్నమాట. ఒకసారి హెడ్ క్లీనింగ్, మళ్ళీ చెక్. రెండు మూడు సార్లకి తెరుచుకోకపోతే ఆపేసి రాత్రంతా వదిలేయండి. ఎండిన ఇంకు తడి ఇంకులో నాని పొద్దుటికి చాలాసార్లు తెరుచుకుంటుంది. వరసగా పదిసార్లు క్లీనింగ్ కొడితే ఇంకంతా వేస్ట్ ప్యాడ్‌లోకి పోతుంది, ప్యాడ్ నిండితే ప్రింటర్ మొరాయిస్తుంది.

మన ఊళ్ళలో ఇంకో కారణం ఉంది. చాలామంది దుకాణం కట్టేసేటప్పుడు గోడ మీది స్విచ్ తీసేస్తారు. ప్రింటర్ మీదున్న బటన్‌తో ఆపితే హెడ్ తన గూట్లోకి వెళ్ళి రబ్బరు మూత మీద కూర్చుంటుంది. ప్రింట్ మధ్యలో కరెంటు పోయినా, గోడ స్విచ్ తీసినా హెడ్ దారిలోనే మూత లేకుండా నిలబడిపోతుంది. ఒక రాత్రి ఏసీ గాలిలో అలా ఉంటే చాలు. ప్రింటర్‌కి చిన్న యూపీఎస్ పెట్టండి. పని ఉన్నా లేకపోయినా వారానికోసారి అన్ని రంగులూ ఉన్న ఒక చిన్న ఫోటో వేయండి.

5760 డీపీఐ అని రాశారు, అంటే ఫోటో కూడా అంత ఇవ్వాలా?

అక్కర్లేదు. అది ఇంకు చుక్కలు పెట్టగల చోట్ల లెక్క. ఒక్క పిక్సెల్ రంగు చూపించడానికి ప్రింటర్ ఎన్నో చుక్కలు వేస్తుంది. ఫోటో 300 లేదా 360 పీపీఐ (అంగుళానికి పిక్సెళ్ళు) ఇస్తే చాలు.

## కాగితం, వానాకాలం

గ్లాసీ, లస్టర్, మ్యాట్: ఏది మంచిది?

ఎక్కడ పెడతారన్నదాన్ని బట్టి. చేతులు మారే ఆల్బమ్‌కి లస్టర్, దాని గరుకు మీద వేలిముద్రలు కనబడవు. గ్లాసీ మీద నలుపు లోతుగా వస్తుంది కానీ ట్యూబ్‌లైట్ ఎదురుగా పెడితే ఫోటో బదులు ట్యూబ్‌లైటే కనబడుతుంది. మ్యాట్ మీద నలుపు అంత లోతు రాదు. కొలిస్తే గ్లాసీ డెన్సిటీ (నలుపు లోతు కొలత) 2.3 దాకా, మ్యాట్‌ది 1.6, 1.7 దగ్గర ఆగుతుంది. అయినా ముసలివాళ్ళ ముఖాలకి, రేవులో మంచుకి, పాత ఇళ్ళ మండువాలకి నా ఓటు మ్యాట్ కాటన్ కాగితానికే. డ్రైవర్‌లో మాత్రం మ్యాట్ అని ఎంచుకోవడం మరవకండి, మ్యాట్ బ్లాక్ ఇంకు ఉన్న ప్రింటర్లలో అది ఎంచుకోకపోతే నలుపు బూడిదలా వస్తుంది.

జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) ఎక్కువైతే ఫోటో బాగా వస్తుందా?

చేతికి బరువుగా ఉంటుంది, అంతే. రంగు పూతలో ఉంటుంది, బరువులో ఉండదు.

కాగితం ఏ వైపు వేయాలో తెలియడం లేదు.

మూల పట్టుకుని, తడిసీ తడవని వేలు తాకించండి. పూత ఉన్న వైపు వేలికి అతుక్కున్నట్టు లాగుతుంది. మూల మీదే చేయండి, నడిమధ్యలో కాదు.

వానాకాలంలో కాగితం అంచులు లేచిపోయి హెడ్ రాసుకుంటోంది. ఏం చేయాలి?

ఫోటో కాగితానికి 40 నుంచి 60 శాతం తేమ సుఖం. చాలా ప్రింటర్ల మాన్యువల్‌లో 80 శాతం దాకా అని రాసి ఉంటుంది. శ్రావణంలో ముసురు పట్టినప్పుడు మా గది మీటర్ 85 చూపించిన రోజులున్నాయి. కాగితం ఒక వైపు పూత, ఇంకోవైపు వేరే పొర, రెండూ తేమని ఒకేలా పీల్చవు కాబట్టి వంకర తిరుగుతుంది. లేచిన అంచుకి హెడ్ రాసుకుని నల్లటి చార పడుతుంది, ఒక్కోసారి నాజిల్ కూడా దెబ్బతింటుంది.

నేను చేసేది చెబుతాను. పప్పులు పోసుకునే పెద్ద గాలిచొరని ప్లాస్టిక్ డబ్బాలు కొన్నాను. కాగితం దాని కవర్‌తో సహా అందులో బల్లపరుపుగా, పక్కన సిలికా జెల్ సంచీలు, చిన్న తేమ మీటర్. జెల్ రంగు మారగానే వేయించి మళ్ళీ పెడతాను. పని ఉన్నప్పుడు ఆ పూటకి సరిపడా కాగితాలే బయటికి తీస్తాను, ట్రేలో రాత్రిపూట ఒక్కటీ వదలను. మిగిలినవి తిరిగి డబ్బాలోకే. ఏసీ గదిలోంచి వేడిగదిలోకి తెచ్చిన ప్యాకెట్‌ని వెంటనే విప్పకండి, చల్లటి కాగితం మీద చెమ్మ పడుతుంది. గంటా గంటన్నర మూసే ఉంచండి.

ఇప్పటికే వంకర తిరిగితే, వంకరకి ఎదురుగా మెల్లగా చుట్టి, రెండు శుభ్రమైన అట్టల మధ్య పెట్టి పైన బరువు పెట్టండి. ఇస్త్రీపెట్టె పెట్టకండి. పెట్టినవాళ్ళున్నారు. డ్రైవర్‌లో హెడ్ ఎత్తు పెంచే సెట్టింగ్, మందపాటి కాగితం అన్న ఎంపిక ఉంటే అదీ వాడండి.

నరసాపురం లేసు ఫోటోలు కేటలాగ్‌కి వేయాలి. తెలుపు మీద తెలుపు అల్లిక కనబడటం లేదు.

ప్రింటర్ దగ్గర తెల్ల ఇంకు లేదు, కాగితమే తెలుపు. ఫైలులో వెలుగుని 0 నుంచి 255 దాకా అంకెల్లో కొలుస్తారు, 255 అంటే పూర్తి తెలుపు. 255 ఉన్నచోట ఒక్క చుక్క ఇంకు పడదు, అక్కడ అల్లికా లేదు, దారమూ లేదు. దారం మీద వెలుగు 240, 245 దాటకుండా చూసుకోండి. ఫోటో తీసేటప్పుడే లైటు ఎదురుగా కాక పక్కనుంచి పడనిస్తే దారానికి నీడ పుట్టి అల్లిక లేస్తుంది. లేసు కింద ముదురు గుడ్డ వేస్తే సగం పని అయిపోయినట్టే. కాగితం కూడా నీలిగా మెరిసే తెల్లది వద్దు, దాంట్లో కలిపే మెరుపు రసాయనం కొన్నేళ్ళకి చచ్చిపోయి కాగితం పసుపెక్కుతుంది.

## ప్రింట్ కొట్టేటప్పుడు

పెద్ద సైజు నేరుగా వేసేయొచ్చా, ముందు చిన్నది వేసి చూడాలా?

చిన్నది వేసి చూడటం వేరు, ముక్క వేసి చూడటం వేరు. ఫోటో మొత్తాన్ని 4×6లో చూస్తే రంగు తెలుస్తుంది గానీ షార్ప్‌నెస్ తెలియదు. పెద్ద సైజులోనే ముఖం, నీడ, తెలుపు మూడూ పడేలా రెండంగుళాల పట్టీ కోసి అదే కాగితం మీద వేయండి. పది నిమిషాలు ఆగి, కిటికీ దగ్గర ఎండ నేరుగా పడని వెలుగులో చూడండి. తర్వాత ఫోటో తగిలించబోయే గదిలో, అక్కడి బల్బు కింద కూడా చూడండి. ఒక గిరాకీకి హాల్లో పసుపు బల్బులున్నాయని తెలియక చల్లటి రంగులతో వేసిచ్చాను, ఆయన ఇంట్లో గోదావరి నీళ్ళు టీ రంగులో కనబడ్డాయి.

షార్పెనింగ్ ఎంత వేయాలి?

స్క్రీన్ మీద కొంచెం ఎక్కువైందేమో అనిపించేంత. ఇంకు కాగితంలో కాస్త పాకుతుంది కాబట్టి ఆ మేరకి కావాలి, మ్యాట్‌కి ఇంకొంచెం ఎక్కువ. సైజు మార్చేశాక చివర్లో వేయండి.

బోర్డర్‌లెస్ పెడితే అంచులు పోతున్నాయి.

కాగితం అంచు దాకా ఇంకు పడాలని ప్రింటర్ ఫోటోని కొద్దిగా పెద్దది చేసి బయటికి వదిలేస్తుంది. ఆ వదిలిన ఇంకు లోపలి స్పాంజిలో పడుతుంది. నేనైతే తెల్ల అంచు వదిలి వేసి కత్తిరిస్తాను.

బ్లాక్ అండ్ వైట్ వేస్తే పచ్చగానో ఊదాగానో కొడుతోంది.

రంగు ఇంకులు కలిపి బూడిద పుట్టిస్తే ఏదో ఒక రంగు తొంగి చూస్తుంది. బూడిద ఇంకులు విడిగా ఉన్న ప్రింటర్లో డ్రైవర్‌లోని బ్లాక్ అండ్ వైట్ మోడ్ వాడండి. ఆరు రంగుల డై ప్రింటర్‌లో పూర్తిగా వదిలించడం కష్టం. ఫోటోకి కావాలనే కొంచెం గోధుమ ఛాయ ఇచ్చేస్తే ఆ పచ్చ అందులో మునిగిపోతుంది.

## ప్రింట్ చేతికొచ్చాక

ముట్టుకుంటే ఆరినట్టే ఉంది, వెంటనే ఫ్రేమ్ కట్టించొచ్చా?

వద్దు. పైన ఆరినా ఇంకులో ఉండే గ్లైకాల్ లాంటివి మెల్లగా ఆవిరవుతూనే ఉంటాయి. వెంటనే మూసేస్తే అద్దం లోపల పొగలా పడుతుంది. కనీసం ఒక రోజు, ముసురులో అయితే మూడు నాలుగు రోజులు. మొదటి గంట గాలికి వదిలి, తర్వాత మీద మామూలు తెల్ల కాగితం కప్పి ఉంచండి, ఆ కాగితం అలలు తిరిగితే మార్చండి. హెయిర్ డ్రయ్యర్ ప్రయోగాలు చేయకండి.

మా ఇంట్లో ఫోటో అద్దానికి అంటుకుపోయింది. ఎలా తీయాలి, మళ్ళీ కాకుండా ఏం చేయాలి?

తీయకండి, పూత అద్దానికే ఉండిపోతుంది. అద్దంతో సహా స్కాన్ చేసి కొత్తది వేయిద్దాం. ఈసారి ఫోటోకీ అద్దానికీ మధ్య అట్ట చట్రం పెట్టించండి, కొద్దిగా ఎడం ఉంటే చాలు. వెనక అట్ట యాసిడ్ లేనిది అడగండి, లేకపోతే కొన్నేళ్ళకి గోధుమ మచ్చలు పడతాయి. వాన కొట్టే గోడకి, వంటింటి గోడకి తగిలించకండి. ఫ్రేమ్ కింది మూలల్లో వెనకవైపు రెండు చిన్న రబ్బరు బిళ్ళలు అంటిస్తే గోడకీ ఫ్రేమ్‌కీ మధ్య గాలి ఆడుతుంది. మా వీధిలో మేకులకి బిగించిన పాత ఫ్రేమ్‌ల వెనక చూస్తే బూజు, చెదలు తప్ప ఏమీ ఉండవు.

లామినేషన్ చేయించమంటారా?

దుకాణం మెనూ కార్డుకి చేయించండి. ఇంట్లో ఫోటోకి వద్దు. తడి లోపల ఉండగా వేడితో మూసేస్తే అంచుల్లోంచి పొర లేస్తుంది, తర్వాత విప్పడానికి దారుండదు.

వందేళ్ళ గ్యారంటీ అంటున్నారు, నిజంగా ఉంటుందా?

ఆ లెక్కలు ల్యాబ్‌లో గట్టి వెలుగు కింద తొందరపెట్టి చూసి కట్టినవి. ఈ రంగంలో అందరూ చూపించే విల్హెల్మ్ ఇమేజింగ్ రీసెర్చ్ లెక్కల్లో రోజుకి 12 గంటలు 450 లక్స్ వెలుగు, 24 డిగ్రీల వేడి, 60 శాతం తేమ అనుకుంటారు. మన హాల్లో మే నెలలో ఎంత వేడో, ఆగస్టులో ఎంత తేమో మీకు తెలుసు. కాబట్టి వందని వందగా తీసుకోకండి. డై ప్రింట్ అద్దం లేకుండా గోడ మీద పెట్టడం అన్నిటికంటే తొందరగా చంపుతుంది. పిగ్మెంట్, కాటన్ కాగితం, అద్దం, ఎండ పడని గోడ: ఈ నాలుగూ ఉంటే మీ మనవలు చూస్తారని నమ్మకంగా చెప్పగలను.

జిక్లే ప్రింట్ అని హైదరాబాద్‌లో మూడింతలు అడిగారు. అది వేరే మెషినా?

ఇంక్‌జెటే. 1991లో కాలిఫోర్నియాలో బొమ్మలు ముద్రించే జాక్ డుగాన్ అనే ఆయన, ఆఫీసు ప్రింటర్ పేరు బొమ్మలకి అంటకూడదని, చిమ్మడం అనే అర్థం వచ్చే ఫ్రెంచి మాట నుంచి ఆ పేరు పెట్టాడు. అప్పటి ఐరిస్ మెషిన్ల తొలినాటి ఇంకులు కొన్నేళ్ళకే వెలిసిపోయేవి కూడా. పేరుకి డబ్బులివ్వకండి. ఏ ఇంకు, ఏ కాగితం అని అడిగి దానికివ్వండి.

వరద నీళ్ళలో ఫోటోలు తడిసిపోతే ఏం చేయాలి?

86 వరదలోనూ 96 తుపానులోనూ పెట్టెలకి పెట్టెలు పారేసుకున్న ఇళ్ళు మా చుట్టాల్లోనే ఉన్నాయి. చాలావరకు ఆరబెట్టే తొందరలో పోయాయి. పాత స్టూడియో ఫోటోలు ఒకదానికొకటి అంటుకుంటే లాగకండి. శుభ్రమైన చల్లటి నీళ్ళలో వేస్తే వాటంతటవే వదులవుతాయి. బురద మీద వేలు రుద్దకుండా నీళ్ళలో ఆడించి, బొమ్మ పైకి ఉండేలా నూలుబట్ట మీద నీడలో పరవండి. ఒకేసారి అన్నీ చూడలేకపోతే ప్లాస్టిక్ కవర్లలో పెట్టి డీప్ ఫ్రిజ్‌లో పెట్టేయండి, అవి పాడవకుండా మీకు కొన్ని రోజులు దొరుకుతాయి.

ఇంక్‌జెట్ డై ప్రింట్లని మాత్రం మళ్ళీ నీళ్ళలో ముంచకండి, రంగు దిగిపోతుంది. బొమ్మ పైకి పెట్టి గాలికి వదిలేయండి. ఏ రకం ప్రింటో తెలియకపోతే ముందు తడిగా ఉండగానే ఫోన్‌తో ఒక్కొక్కటీ ఫోటో తీసి ఉంచుకోండి. ఆరాక ఏది మిగులుతుందో చెప్పలేం.